కొయ్యలో కూజా ముందే ఉందా?

ప్రవచనాల్లో తరచూ వినబడే మాట ఒకటుంది. విగ్రహం రాతిలోనే ఉంది, శిల్పి అక్కర్లేని రాయిని తీసేశాడు, అంతే. ఆ వెంటనే ఉపదేశం: దేవుడూ మనలోనే ఉన్నాడు, కామక్రోధాలను తీసేస్తే చాలు, ఆయనే కనిపిస్తాడు. ఈ పోలిక మన ఒక్కరి సొత్తు కాదు. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ప్లోటినస్ తన ‘ఎన్నియడ్స్’లో దాదాపు ఇదే చెప్పాడు. శిల్పి ఒకచోట చెక్కి, ఒకచోట నునుపు తేల్చినట్టు నువ్వూ నీలో అదనంగా ఉన్నదాన్ని తీసివేస్తూ పొమ్మన్నాడు. మైకెలాంజెలో సానెట్ ఒకదానిలోనూ ఈ ఊహే ఉంది. దాని మీద బెనెడెట్టో వార్కి 1547లో ఫ్లారెన్స్‌లో ఉపన్యాసమే ఇచ్చాడు. ఇన్ని చోట్ల, ఇంతమంది నమ్మిన మాటలో నిజం లేకపోదు. అయితే అందులో ఒక వెసులుబాటు కూడా ఉంది. తీసేవాడు తాను కొత్తగా ఏమీ చేయలేదంటాడు, ఉన్నదాన్నే బయటపెట్టానంటాడు. అలాంటప్పుడు బయటపడ్డ రూపానికి అతణ్ని ఎవరూ నిలదీయలేరు. ఈ వెసులుబాటు చెల్లుతుందా లేదా అని చూడాలంటే రాతికంటే కొయ్య మంచిది, అందులోనూ లేతు మీద తిరిగే కొయ్య. తీసివేయడం కూడా చేయడమేననీ, త్యాగం చేసినవాడు ఆ త్యాగంలోంచి తయారైన మనిషికి జవాబు చెప్పుకోవలసిందేననీ ఈ వ్యాసం వాదన.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఊరు. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బొమ్మలతోపాటు కుంకుమ భరిణెలు, పిల్లలాడుకునే లక్కపిడతలు, అలంకరణకు పెట్టుకునే పూలకూజాలు కూడా అక్కడ తరిమెన, అంటే లేతు, పట్టే తయారుచేస్తారు. కర్ర అంకుడు. మెత్తగా, సన్నని పోగుతో ఉండి ఉలికి లొంగుతుంది. ఎండిన ముక్కను లేతుకు బిగించి తిప్పితే ముందు దాని వంకరలు పోయి గుండ్రని దిమ్మె అవుతుంది. ఆ తర్వాత ఉలి లోతుకు దిగినచోట మెడ, పైపైన ఆగినచోట పొట్ట. పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంది. బయటి రూపు కుదిరాక లోపల తొలవాలి. నడిమధ్య బెజ్జం వేసి, ఇరుకైన మూతిలోంచి ఉలిని దించి, గోడను లోపలినుంచి పలచన చేస్తూ రావాలి. అక్కడ ఉలి మొన కంటికి ఆనదు. చేతికి తెలిసే అదురు, చెవికి తెలిసే చప్పుడు, ఇవే ఆధారం. గోడ పలచబడేకొద్దీ ఆ చప్పుడు మారుతుంది. వెంట్రుకవాసి ఎక్కువ దిగిందా, గోడ తెగిపోతుంది. రాలిన పొట్టును తిరిగి కర్రగా మార్చే విద్య ఎవరికీ లేదు. చివర్లో, తిరుగుతున్న కూజాకు రంగు కలిపిన లక్కకడ్డీని ఒత్తితే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు తేలుతుంది.

మన దర్శనాలు కార్యకారణాల గురించి వాదించినప్పుడల్లా చేతివృత్తుల దగ్గరికే వెళ్లాయి. ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు చెప్పిన ఉదాహరణలు మూడు: మట్టి, బంగారం, ఇనుము. న్యాయవైశేషికులకు కుండ, బట్ట. సాంఖ్యులకు నువ్వులూ నూనే, పాలూ పెరుగూ. వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. కుమ్మరి మట్టిని పారేయడు, ఆకారం మారుస్తాడు. సాలె పోగులను కలుపుతాడు. కంసాలి గాజును కరిగిస్తే బంగారం బంగారంగానే తిరిగి వస్తుంది. చెక్కి పారేసే పని, ఒకసారి చేస్తే వెనక్కి తిరగని పని, ఈ ఉదాహరణల్లో ముందు వరసలో కనబడదు. అరిస్టాటిల్ మాత్రం ‘ఫిజిక్స్’ మొదటి పుస్తకంలో వస్తువులు పుట్టే తీరులను వరసపెడుతూ దీన్ని విడిగా పేర్కొన్నాడు. ఆకారం మారడంతో కొన్ని, చేర్పుతో కొన్ని, కూర్పుతో కొన్ని పుడితే, రాతిలోంచి గ్రీకు దేవుడు హెర్మిస్ విగ్రహం పుట్టేది తీసివేతతో అన్నాడు. ఉదాహరణ మారితే వాదం కూడా కొంత మారుతుంది. కుండ స్థానంలో తరిమెన పట్టిన కూజాను పెట్టి పాత ప్రశ్నను మళ్లీ అడగాలి: కార్యం కారణంలో ముందే ఉందా?

ఉందనేవాళ్లలో మొదటివారు సాంఖ్యులు. వాళ్ల వాదం చిన్నచూపు చూడదగింది కాదు. ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికల్లో తొమ్మిదోదానిలో ఐదు హేతువులు ఇచ్చాడు. లేనిది పుట్టదు. కావలసినదానికి తగిన ముడిసరుకునే ఎంచుకుంటాం. ఏది పడితే దాన్నుంచి ఏది పడితే అది రాదు. సమర్థమైనది తనకు చేతనైనదాన్నే పుట్టిస్తుంది. కార్యం కారణంతో ఒకే స్వభావం కలది. కొయ్యపనివాడి నడత ఇందులో రెండో హేతువును అక్షరాలా సమర్థిస్తుంది. అతడు అంకుడు కోసం వెతుకుతాడు గాని కొబ్బరిపీచును లేతుకు బిగించడు. యోగసూత్రాల నాలుగో పాదంలో ఇంతకంటే గట్టి మాట ఉంది. నిమిత్తకారణం ప్రకృతిని నడిపించదు, అడ్డును తొలగిస్తుంది, అంతే. రైతు నీటిని మోసుకెళ్లి మడిలో పోయడు. గట్టు తెంపుతాడు, నీరు తనంతట తానే పారుతుంది. ఇది పతంజలి ఇచ్చిన పోలికే. ఈ లెక్కన ఉలి పని గట్టు తెంపడమే. కూజా రూపం కర్రలో నిండి ఉంది, దాని మీదున్న మిగతా కర్ర అడ్డు తొలగింది.

ఈ వాదాన్ని నిగ్గు తేల్చడానికి ఒక చిన్న పరీక్ష చాలు. నువ్వులను పదిమంది గానుగలో వేసి ఆడితే పదిమందికీ నువ్వులనూనే వస్తుంది. నూనె తక్కువో ఎక్కువో రావచ్చు, ఒకరికి నూనె, మరొకరికి తేనె మాత్రం రాదు. శ్వేతాశ్వతరోపనిషత్తు నువ్వుల్లో నూనె, పెరుగులో వెన్న, అరణిలో నిప్పు ఉన్నట్టు ఆత్మ ఉందని చెప్పింది. ఆ ఉదాహరణలన్నీ ఈ పరీక్షకు నిలుస్తాయి, ఎవరు మథించినా నిప్పు నిప్పే. కాని ఒకే మానునుంచి కోసిన పది అంకుడు ముక్కలను పదిమందికి ఇస్తే పది కూజాలు వస్తాయి. ఒకటి సన్నని మెడతో, ఒకటి వెడల్పు మూతితో, ఒకటి అడుగు బరువుగా. ఒకే ముక్కలో సన్నని మెడా వెడల్పు మూతీ రెండూ నిండి ఉన్నాయని సాంఖ్యుడు అనవచ్చు. అన్నాడనుకుందాం. అప్పుడు కర్రలో కూజా ఉందన్న మాటకు, ఈ కూజానే ఎందుకు వచ్చిందో చెప్పే శక్తి పోతుంది. ఒకటి రావాలంటే మిగతావన్నీ పొట్టుగా పోవాలి. ఆ ఎంపిక కర్రలో లేదు, ఉలి పట్టినవాడిలో ఉంది. కాబట్టి గీత ఇక్కడ గీయాలి. ఎవరు తీసినా అదే వస్తే అది బయటపడినది. తీసేవాణ్ని బట్టి మారితే అది తయారైనది.

ఎదుటి పక్షం న్యాయవైశేషికులది. కార్యం పుట్టకముందు లేదు, పుట్టాకే ఉంది, అది కొత్త వస్తువు. కూజా విషయంలో ఇది సుళువుగా అతికినట్టు కనిపిస్తుంది గాని, తీసివేత దగ్గరికి వచ్చేసరికి ఈ మతం వింత చిక్కులో పడుతుంది. వాళ్ల లెక్కలో ఒక అవయవం విడిపోతే పాత అవయవి నశిస్తుంది, మిగిలిన అవయవాలతో మరో అవయవి పుడుతుంది. చిరిగిన బట్ట పాత బట్ట కాదు, కొత్తగా పుట్టిన ఖండపటం. ఈ సూత్రాన్ని లేతు దగ్గర పెడితే ప్రతి పొట్టుచుట్టకూ ఒక కర్ర చచ్చి ఇంకో కర్ర పుట్టాలి. పూట గడిచేసరికి వేల కర్రలు పుట్టి చస్తాయి. ఉలి ఎత్తకుండా ఒక్క ఊపులో మెడ తీసే పనివాడికి తన చేతిలో ఉన్నది ఆ మొదటి కర్రేనన్న సంగతి తెలుసు. ఆ తెలివిడిని ఈ మతం వివరించలేదు. అయినా ఇందులో ఒక సత్యం ఉంది: ప్రతి కోతా అంతిమమే. కోతకు ముందున్న అవకాశాల్లో కొన్ని ఆ కోతతోనే చచ్చిపోయాయి. పని కొనసాగుతున్నదే గాని వెనక్కి వెళ్లే దారి మాత్రం ఎప్పటికప్పుడు మూసుకుపోతున్నది.

ఈ రెండింటి నడుమ నిలవగలిగిన మాట అరిస్టాటిల్‌ది. ‘మెటాఫిజిక్స్’ తొమ్మిదో పుస్తకంలో ఆయన కొయ్యలో హెర్మిస్ ఉన్నాడని అన్నాడు, అయితే శక్తిరూపంలో ఉన్నాడన్నాడు. శక్తిరూపంలో ఉండటమంటే మరుగున దాక్కుని ఉండటం కాదు. నేర్చుకోగలిగినవాడిలో విద్య ఉన్నట్టు, కాగలిగే వీలు ఉండటం. సాంఖ్యుల నాలుగో హేతువు కూడా సామర్థ్యం గురించే గనక, వాళ్లకూ మనకూ తగాదా ఇక్కడ తగ్గిపోతుంది. అంకుడులో కూజా కాగలిగే సామర్థ్యం ఉంది, ఇసుకలో లేదు. ఆ సామర్థ్యం ఫలానా కూజాగా నిలదొక్కుకోవడానికి కావలసింది మాత్రం నిర్ణయం. మనిషిలో మంచితనం ఉందనే మాటనూ ఇలాగే అర్థం చేసుకోవాలి. ఉంది, కాని ముసుగు తీస్తే దిగివచ్చేలా పూర్తయి ఉన్న వస్తువుగా లేదు. కోపాన్ని విడిచినవాడు శాంతమూర్తి కావచ్చు, బండబారిపోనూవచ్చు. ఏది విడిచాడన్నదొక్కటే తేల్చదు. ఎలా విడిచాడు, ఎంతవరకు విడిచాడు, ఎక్కడ ఆపాడు అన్నవి తేలుస్తాయి.

ఇక్కడ అద్వైతి అడ్డు తగులుతాడు, తగలాలి కూడా. కూజా అనేది పేరు, కర్రే సత్యం. రూపం గురించి ఇంత చర్చ దేనికని అంటాడు. పైగా మోక్షాన్ని ఎవరూ తయారుచేయరని శంకరుడు ఎప్పుడో తేల్చాడు. బ్రహ్మసూత్రాల నాలుగో సూత్రం మీద రాసిన భాష్యంలో ఆయన క్రియాఫలాలను నాలుగుగా విడదీశాడు: పుట్టించేది, మార్చేది, చేరుకునేది, సంస్కరించేది. మోక్షం ఈ నాలుగింటిలో ఏదీ కాదన్నాడు. అద్దాన్ని రుద్దితే దాని మెరుపు బయటపడినట్టు ఆత్మను సంస్కరించవచ్చు కదా అన్న ఆక్షేపణను ఆయనే లేవదీశాడు. ఆత్మ ఏ క్రియకూ విషయం కాదు, రుద్దడానికి అది దొరకదు అని తోసిపుచ్చాడు. ఈ జవాబును పూర్తిగా ఒప్పుకుందాం. ఒప్పుకుంటే రాతిలో విగ్రహం పోలిక మొట్టమొదట అద్వైతానికే పనికిరాదని తేలుతుంది. ఉలి తగలని ఆత్మ విషయంలో తీసివేత ప్రసక్తే లేదు. శమదమాది సాధనలు పనిచేసేది అంతఃకరణం మీద. అంతఃకరణం మారేదే, మలచబడేదే. ఇక కర్రే సత్యమన్న మాట. పొట్టు కూడా కర్రే కదా? అయినా కూజాను గూట్లో పెట్టి పొట్టును పొయ్యిలో వేస్తాం. వ్యవహారంలో ఈ తేడా ఉందని అద్వైతమూ ఒప్పుకుంటుంది, సాధన నడిచేదీ ఆ వ్యవహారంలోనే. బంగారు గాజు కరిగితే మళ్లీ బంగారం అవుతుంది గనక రూపాన్ని తేలిగ్గా తీసుకోవచ్చు. తరిమెన పట్టిన కర్ర మళ్లీ దుంగ కాదు. ఇరవై ఏళ్ల నిగ్రహంతో తయారైన మనసు కూడా మళ్లీ పాత మనసు కాదు.

తీసివేస్తూ పోతే మిగిలేది దానంతటదే తెలుస్తుందన్న నమ్మకానికి మన చరిత్రలోనే పెద్ద అడ్డంకి ఉంది. ఉపనిషత్తు ఇది కాదు, ఇది కాదు అంటూ ఒక్కొక్కదాన్నే తోసేసి చివరకు ఆత్మను నిలబెట్టింది. బుద్ధుడు ఐదుగురు తొలి శిష్యులకు చేసిన రెండో ఉపదేశంలో రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం ఒక్కొక్కటీ నాది కాదు, నేను కాదు అని తోసేయమన్నాడు. చివరకు ఆత్మను నిలబెట్టలేదు. పద్ధతి చూస్తే అన్నదమ్ముల్లా ఉంది, చేరిన చోట్లు ఎదురెదురు. అనుభవం ఒక్కటే, చెప్పడంలోనే తేడా అని సర్దిచెప్పేవాళ్లున్నారు. ఉండవచ్చు. అయితే ఆ మాట అన్నవాడు ఇక తీసివేతను సాక్ష్యంగా తీసుకురాలేడు, ఒక్కటే అన్న సంగతి అతడు వేరెక్కడినుంచో తెచ్చుకున్నాడు. తీసివేత తనంతట తాను మాట్లాడదు. దేని కోసం తీస్తున్నామన్న ఊహ ముందే ఉండి, ఏది అదనం, ఏది అసలు అన్నది ఆ ఊహే నిర్ణయిస్తుంది.

తూర్పునుంచి ఇంకో ఆక్షేపణ వస్తుంది. నిజమైన పనివాడు ఎంపిక చేయడు, తనను తాను చెరిపేసుకుంటాడు, వస్తువే తన రూపాన్ని చెబుతుంది అని. దీనికి గొప్ప సాక్ష్యం ‘జువాంగ్‌జి’ పంతొమ్మిదో అధ్యాయంలోని చింగ్ అనే వడ్రంగి కథ. అతడు చేసిన గంటల చట్రాన్ని చూసి జనం దేవతల పనేమోననుకుంటారు. రహస్యమేమిటని రాజు అడిగితే, పని మొదలుపెట్టే ముందు ఉపవాసం ఉంటానంటాడు. మూడు రోజులకు బహుమానం మీద ఆశ, ఐదు రోజులకు మెప్పు మీద ధ్యాస, ఏడు రోజులకు తనకు ఒళ్లొకటుందన్న స్పృహ కూడా పోతాయంటాడు. అప్పుడు అడవికి వెళ్లి, చట్రం కనబడే మాను దొరికితేనే చెయ్యి వేస్తాడు, లేకపోతే వదిలేస్తాడు. కథను నిదానంగా చదివితే అది ఆక్షేపణకు కాక మన వాదానికే బలమిస్తుంది. అడవిలో అతడు దాటి వెళ్లిన మాన్లెన్నో ఉన్నాయి, అది ఎంపికే. వారం రోజులు ఏమేమి విడిచాడో వరసగా చెప్పగలిగాడు, తనలోంచి తీసినదానికి అతడి దగ్గర లెక్క ఉంది. పోగు ఎటు నడిస్తే ఉలి అటు నడవాలన్నది నిజమే, ఎదురు పోగున లాగితే కర్ర చీలుతుంది. కాని కర్ర మాట వినడం కూడా చేసే పనే. విన్నాక చేసినదానికి పూచీ విన్నవాడిదే.

లావోట్జు ఇంకా ముందుకు వెళ్తాడు. చెక్కని మొద్దే పరిపూర్ణం, దాన్ని ముక్కలు చేస్తేనే పాత్రలు పుడతాయి, కాబట్టి చెక్కడమే పతనం అనే ధోరణి ‘తావో తే చింగ్’ ఇరవై ఎనిమిదో అధ్యాయంలో ఉంది. అదే గ్రంథం పదకొండో అధ్యాయంలో పాత్రకు ఉపయోగం దాని బోలుతనంలో ఉందని మెచ్చుకుంటుంది. తొలవనిది బోలు కాదు గదా! ఈ వైరుధ్యం పక్కన పెట్టినా, మొద్దు మొద్దుగా ఉండిపోతుందన్న భరోసా లేదు. కొయ్య ఆరేటప్పుడు నిలువునా దాదాపు కుంచించుకోదు, అడ్డంగా కుంచించుకుంటుంది. అందులోనూ వయసు వలయాల వెంట కుంచించుకునేది, నడిమినుంచి అంచుకు కుంచించుకునేదానికి సుమారు రెట్టింపు. ఈ హెచ్చుతగ్గుల వల్లనే పచ్చి దుంగను ఊరికే వదిలేస్తే నడిమినుంచి బెరడుదాకా పగుళ్లు పారతాయి. చెదలు, పుచ్చు ఉండనే ఉన్నాయి. మనిషీ అంతే. ఏమీ వదులుకోను, ఏమీ ఎంచుకోను అని కూర్చున్నా కాలం అతణ్ని ఏదో ఒకలా మలుస్తుంది. చెక్కకుండా ఉండటం ఎవరికీ దొరికే స్థితి కాదు. తెలిసి చెక్కడమా, తెలియకుండా చెక్కించుకోవడమా అన్నదే మిగిలిన ప్రశ్న.

తెలిసి చెక్కడమంటే ముందుగా దోషమేదో తెలియాలి. అక్కడే మతాలు తొందరపడతాయి. అమెరికాలో మెల్విన్ లిండ్‌క్విస్ట్, ఆయన కొడుకు మార్క్ 1970లలో బూజు పట్టి నల్లని గీతలు తేలిన కర్రను లేతు మీదికి ఎక్కించారు. పుచ్చు కర్రగా పారేసేదాన్ని ఏరి తెచ్చి, ఆ గీతలే అందంగా కనబడే పాత్రలు తీశారు. నిన్నటి దోషం నేటి గుణమైంది. సాధన గ్రంథాలు దోషాలుగా లెక్కగట్టేవాటిలోనూ ఇలాంటివి ఉండవచ్చు. మమకారాన్ని తొలిచేస్తే దానితోపాటు కరుణ కూడా పొట్టులో కలిసిపోయే ప్రమాదం ఉంది. ఇంకొకటి. పైన చెప్పిన శంకరుడి భాష్యంలోనే సంస్కారానికి రెండు దారులున్నాయి, గుణాన్ని చేర్చడం, దోషాన్ని తీయడం. ఏటికొప్పాక కూజాకు ఈ రెండూ కావాలి. ఉలి పని ఎంత బాగా కుదిరినా లక్క ఎక్కేదాకా అది పూర్తికాదు, ఆ లక్క చెట్టు కొమ్మల మీద చిన్న పురుగులు కూడబెట్టినది. తీసివేతను మాత్రమే పొగిడే ఉపదేశం, బయటినుంచి వచ్చి చేరవలసిన ప్రేమను, విద్యను, సహవాసాన్ని మరిచిపోతుంది.

తరిమెన పట్టేవాణ్ని సూటిగా ధర్మబోధలోకి తెచ్చినవాడు బుద్ధుడు. సతిపట్ఠాన సుత్తంలో శ్వాస మీద ధ్యాస నిలపడం నేర్పుతూ ఆయన ఇచ్చిన ఉదాహరణ నేర్పరియైన తరిమెన పనివాడిది, అతడి దగ్గర పని నేర్చుకునే కుర్రవాడిది. పొడుగ్గా లాగుతున్నప్పుడు పొడుగ్గా లాగుతున్నానని, పొట్టిగా లాగుతున్నప్పుడు పొట్టిగా లాగుతున్నానని అతడికి తెలుసు. ఊపిరి పీల్చి వదిలే భిక్షువుకూ అలాగే తెలియాలి. ఆ పోలికలో లోపల దాగిన విగ్రహం లేదు, బయటపడబోయే రహస్యమూ లేదు. ఉన్నది ఒక్కటే, ఇప్పుడు తాను చేస్తున్నది ఏమిటో తనకు తెలిసి ఉండటం. బౌద్ధులకు తీసివేత కొత్తేమీ కాదు. ఏటికొప్పాక ఉన్న జిల్లాలోనే, అనకాపల్లి పక్కన శంకరం దగ్గర లింగాలకొండ మీద స్తూపాలను కొండరాతినే తొలిచి నిలబెట్టారు. అయినా ధ్యానం దగ్గరికి వచ్చేసరికి బుద్ధుడు ఎంచుకున్నది తీసివేతలోని ఫలాన్ని కాదు, తీసేవాడి ఎరుకను. ఆ ఎరుక ఉన్నవాడికే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. గోడ ఇంకా పలచన చేయవచ్చు గదా అనే ఆశ పనివాడికీ ఉంటుంది, తపస్వికీ ఉంటుంది. తిండి మానేసి ఎముకలగూడైన సిద్ధార్థుడు ఆ దారి విడిచి మళ్లీ అన్నం తినడం సరిగ్గా ఆ ఆగడమే.

చివరి ఆక్షేపణ లౌకికమైనది. ఎవడి జీవితం వాడు చెక్కుకుంటే మధ్యలో లోకానికేమిటని. త్యాగంలో రాలే పొట్టు ఎప్పుడూ త్యాగిదే అయితే ఈ మాట చెల్లేది. చాలాసార్లు అది ఇతరుల బతుకు. వినయపిటకంలోని మహావగ్గం దీన్ని దాచలేదు. బుద్ధుడి కొడుకు రాహులుడు వారసత్వం అడగడానికి వస్తే సారిపుత్తుడి చేత అతడికి దీక్ష ఇప్పిస్తారు. అప్పుడు తాత శుద్ధోదనుడు వచ్చి మొరపెట్టుకుంటాడు. నువ్వు వెళ్లినప్పుడు బాధపడ్డాను, నీ తమ్ముడు నందుడు వెళ్లినప్పుడూ బాధపడ్డాను, ఇప్పుడు మనవడు. బిడ్డ మీది ప్రేమ చర్మాన్ని, మాంసాన్ని, నరాన్ని, ఎముకను కోసుకుంటూ మూలగదాకా దిగుతుందని. బుద్ధుడు ఆయనకు వేదాంతం చెప్పలేదు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా కొడుకుకు దీక్ష ఇవ్వరాదని నియమం పెట్టాడు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచేముందు మైత్రేయికీ కాత్యాయనికీ ఆస్తి పంచిపెట్టాలనుకోవడంలోనూ ఈ గుర్తింపే ఉంది. లోపలున్నదే బయటపడితే ఇలాంటి నియమాల అవసరమే లేదు. కోత పడుతున్నదనీ, అది ఇంకొకరి మీద కూడా పడుతున్నదనీ తెలిసినందువల్లే ఆ నియమాలు వచ్చాయి.

ఇంతకూ విగ్రహం రాతిలోనే ఉందన్న పోలికను పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు. అహంకారి తన ప్రతిభంతా తనదేననుకునే చోట అది మంచి మందు. ముడిసరుకు ఇచ్చినది తాను కాదని, దాని పోగుకు తాను లోబడాలని అది గుర్తుచేస్తుంది. కాని అదే పోలిక విరాగి చేతికి వస్తే, తన కోతలకు లెక్క చెప్పకుండా తప్పుకునే సాకు అవుతుంది. ఆత్మ ఉలికి అందనిదే కావచ్చు. మన స్వభావం, మన మాటతీరు, మనవాళ్లతో మన వరస మాత్రం అనుదినం ఉలికి అందుతూనే ఉన్నాయి. అందుకే ఒకడు ఎంత వదులుకున్నాడో చూసి చేతులు జోడించే అలవాటు మార్చుకోవాలి. వదులుకున్నాక ఎలాంటి మనిషిగా మిగిలాడు, ఎక్కడ ఆగాడు, ఎవరి అనుమతి తీసుకున్నాడు అని అడగాలి. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఉన్న వైరాగ్యమే గౌరవించదగినది. అవి అడగగానే, నేనేమీ చేయలేదు, ఉన్నదే బయటపడింది అనే వైరాగ్యాన్ని నమ్మడానికి ఏ దర్శనమూ మనకు ఆధారం ఇవ్వదు.